డాబాకు తెల్ల పూత: ఖర్చు ఎవరిది, చల్లదనం ఎవరికి?

మే నెలలో గమ్హరియాలో పై అంతస్తులో ఉండేవాళ్లకు అసలు ఉడుకు మొదలయ్యేది సాయంత్రమే. మధ్యాహ్నం ఒంటి గంటకు బయట నిప్పులు చెరుగుతున్నా స్లాబు కింద గదిలో కొంత ఊరట ఉంటుంది. పొద్దు వాలాక బయట గాలి చల్లబడుతుంది గానీ గది మాత్రం వేడెక్కుతూ పోతుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, వేడి గాలినే కిందకు తోస్తుంది. పిల్లలు నేల మీద తడిగుడ్డ పరచుకుని పడుకుంటారు.

జంషెడ్‌పూర్ నుంచి ఖర్‌కాయి నది దాటితే ఆదిత్యపూర్, ఇంకొంచెం ముందుకు వెళితే గమ్హరియా. చుట్టూ ఉక్కు, ఇనుము, విడిభాగాల కర్మాగారాలు. టాటా కంపెనీ తొలినాళ్ల నుంచీ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. సొంత ఊళ్లో పెంకుటిల్లు, ఇక్కడ స్లాబు గది. ఈ రెండింటి తేడా వాళ్ల ఒంటికి బాగా తెలుసు.

ఇళ్లు తక్కువ కరెంటుతో చల్లగా ఉండేలా మార్చుకోవడానికి పురపాలక సంస్థ గానీ ప్రభుత్వం గానీ ముందుకొచ్చి పథకం పెడితే, అది నిజంగా గిట్టుబాటు అవుతుందా? దీన్ని అంకెలతో తూచి చూడటానికి తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న ఉదాహరణ తెలంగాణ 'కూల్ రూఫ్' విధానం. హైదరాబాద్‌లో ఏం చేశారో, ఏం కొలిచారో ముందు చూస్తే, ఆ లెక్క గమ్హరియాకు ఎంతవరకు సరిపోతుందో చెప్పవచ్చు.

ముందుగా డాబా మీద జరిగే సంగతి. నడి ఎండలో చదరపు మీటరు నేల మీద పడే సౌరశక్తి సుమారు 1,000 వాట్లు. అంటే 50 చదరపు మీటర్ల డాబా మీద 50,000 వాట్లు. మామూలు సిమెంటు ఉపరితలం అందులో పావు నుంచి మూడో వంతు దాకా వెనక్కి తిప్పికొట్టి, మిగతాది మింగేస్తుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ముప్పై అయిదు డాబా మీద బోర్లించి స్విచ్ వేసినట్టు అనుకోండి. మంచి తెల్ల పూత కొత్తగా ఉన్నప్పుడు దాదాపు 80 శాతం తిప్పికొడుతుంది. అప్పుడు ఇస్త్రీపెట్టెలు పదికి తగ్గుతాయి. మింగిన వేడంతా గదిలోకే రాదు. చాలా భాగం గాలికి, ఆకాశానికి తిరిగి పోతుంది. అయినా కాంక్రీటులోకి దిగే భాగమే మన నిద్ర చెడగొట్టడానికి సరిపోతుంది.

అది నెమ్మదిగా దిగుతుంది. పది, పదిహేను సెంటీమీటర్ల స్లాబును వేడి దాటి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నపు ఎండ సాయంత్రం సీలింగు నుంచి దిగుతుంది. అప్పుడు సీలింగు తల మీద పట్టిన వేడి పెనం లాంటిది. గాలి ఉష్ణోగ్రతతో సంబంధం లేకుండా ఆ పెనం నుంచి పరారుణ కిరణాలు నేరుగా ఒంటి మీద పడతాయి. గోడకున్న థర్మామీటరు 34 డిగ్రీలు చూపిస్తున్నా మనిషికి అంతకంటే ఎక్కువగా అనిపించడానికి కారణం ఇదే. పైకప్పు పూత వల్ల వచ్చే మేలును గాలి ఉష్ణోగ్రత ఒక్కదానితోనే కొలిస్తే కొంత లెక్కలోకి రాకుండా పోతుంది.

తిప్పికొట్టడం ఒక్కటే చాలదు. మెరిసే లోహపు రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ తాను మింగిన కొంచెం వేడిని పరారుణ రూపంలో వదిలించుకోవడంలో చాలా పిసినారి. అందుకే అది చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. తెల్ల పూత ఈ రెండు పనులూ చేస్తుంది. ఈ రెండు గుణాలనూ కలిపి చెప్పే అంకెను సౌర పరావర్తన సూచిక అంటారు. ప్రామాణిక నల్ల ఉపరితలానికి 0, ప్రామాణిక తెల్ల ఉపరితలానికి 100. పెయింటు డబ్బా కొనేటప్పుడు 'కూల్' అన్న అక్షరాల కన్నా ఈ అంకె అడగడం మేలు.

ఇక హైదరాబాద్. అక్కడ 2017లో పేదల బస్తీలో 25 ఇళ్లను ఎంచుకుని పైకప్పుల మీద తెల్లని పాలిథిలీన్ పొర పరిచారు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, ఐఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు ఇందులో పాలుపంచుకున్నాయి. పొర పరిచిన ఇళ్లలో గాలి ఉష్ణోగ్రత, పరచని ఇళ్లతో పోలిస్తే సగటున 2 డిగ్రీల సెల్సియస్ తక్కువగా నమోదైంది. ఇరవై అయిదు ఇళ్లంటే చిన్న నమూనా. కానీ ఏసీ లేని ఇళ్లలో, జనం ఉంటున్న గదుల్లో తీసిన కొలత అది. ప్రయోగశాలలో వచ్చిన అంకె కన్నా దీనికే విలువ ఎక్కువ ఇవ్వాలి.

ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-28 కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు ఇలా మారాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్ మహానగర ప్రాంతంలో, 100 మిగతా పట్టణాల్లో. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. నివాస భవనాల్లో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. నివాసయోగ్యతా పత్రం ఇచ్చే సమయంలో కూల్ రూఫ్ ఉందో లేదో చూస్తారు. ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావు చెప్పారు.

అమలు చేసేవాళ్లకు ఇది సులువైన దారి. కొత్త భవనం అనుమతి కోసం ఎలాగూ కార్యాలయానికి రావాలి, అక్కడే షరతు పెట్టవచ్చు. కానీ 600 గజాల్లో ఇల్లు కట్టుకోగలిగిన కుటుంబానికి ఏసీ కొనుక్కునే స్తోమత కూడా ఉంటుంది. ఎండకు నిజంగా ఉడికిపోయేది 60 గజాల రేకుల ఇంట్లో, పాత స్లాబు మీది పోర్షన్‌లో ఉండేవాళ్లు. వాళ్లు 'ఐచ్ఛికం' అన్న గడిలో పడ్డారు. 2017లో కొలత తీసింది వాళ్ల ఇళ్లలో, నిబంధన పెట్టింది మరొకరి ఇళ్లకు.

డబ్బు లెక్క చూద్దాం. హైదరాబాద్ ప్రాంతంలోని ఏసీ భవనాల మీద భారత, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. నల్లటి పైకప్పుకు తెల్ల పూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు పైకప్పుకు వేస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అవుతాయని అందులో తేలింది. పథకాల ప్రచారంలో ఇలాంటి అంకెలు బాగా వినిపిస్తాయి. కాకపోతే అవి పగలంతా ఏసీ నడిచే వాణిజ్య భవనాల అంకెలు.

వాటిని ఇంటికి తెచ్చి చూడండి. డాబా 80 చదరపు మీటర్లు, పూతకు 24,000 రూపాయలు. ఇల్లంతా పగలూ రాత్రీ ఏసీలో ఉంటే ఏడాదికి వెయ్యి యూనిట్ల పైన మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే 7,000 పైచిలుకు. మూడున్నరేళ్లలోపే పెట్టుబడి తిరిగి వస్తుంది. కానీ గమ్హరియా లాంటి చోట అలాంటి ఇళ్లు ఎన్ని? ఏసీ ఉన్నా సాధారణంగా అది ఒక్క పడకగదికే. ఆ గది 12 చదరపు మీటర్లయితే ఆదా 156 యూనిట్లు, అంటే దాదాపు 1,100 రూపాయలు. అదీ ఆ గదిలో ఏసీ ఏడాదంతా పగటిపూట నడిచినప్పటి మాట. వేసవి రాత్రులు మాత్రమే నడిచే ఏసీకి ఇంకా తగ్గుతుంది. డాబా మొత్తానికి 24,000 పెడితే తిరిగి రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పడుతుంది, పూత అంతకాలం నిలవదు. పడుకునే గది మీద మాత్రమే వేయిస్తే ఖర్చు 3,600కు దిగుతుంది. పక్కల నుంచి కాంక్రీటు గుండా పాకే వేడి తక్కువే కాబట్టి ఆ గదికి ప్రయోజనం పెద్దగా తగ్గదు. ఈ సంగతి ప్రచార పత్రాల్లో కనబడదు గానీ చిన్న బడ్జెట్ ఇంటికి అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

అసలు ఏసీయే లేని ఇంట్లో? బిల్లులో ఆదా దాదాపు సున్నా. ఫ్యాను ముందూ తిరిగింది, ఇప్పుడూ తిరుగుతుంది. వచ్చేది రెండు డిగ్రీల ఊరట, కొంచెం నిద్ర. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే వడదెబ్బ ముప్పు కొంత తగ్గుతుంది. వీటికి రూపాయల్లో 'తిరిగి వచ్చే కాలం' లెక్కగట్టి, గిట్టుబాటు కాదని కొట్టేయడం లెక్కలో తప్పు లేకుండానే తప్పు చేయడం. ఆసుపత్రి మంచానికి ఎవరూ అలా లెక్క వేయరు. ఏసీ లేని ఇళ్ల పైకప్పు పూతను విద్యుత్ పొదుపు పద్దు కింద కాకుండా ప్రజారోగ్యం కింద, వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక డబ్బుతో చేయాలి. 2013లో వడగాడ్పుల ప్రణాళిక తెచ్చిన అహ్మదాబాద్ తర్వాత బస్తీ ఇళ్ల పైకప్పులకు తెల్ల పూత వేయించింది కూడా ఈ లెక్కనే.

విద్యుత్ పొదుపు పద్దు కింద ఏం రావాలి? ముందుగా ఫ్యాన్లు. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది. బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తుంది. రోజుకు 15 గంటలు, ఏడాదికి 240 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 162 యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లుంటే, తిరిగే ఎనిమిది నెలల్లో నెలకు 60 యూనిట్లు. పై లెక్కలో ఒక్క గది ఏసీ మీద పూతతో ఏడాదంతా వచ్చే ఆదాకు ఒక్క ఫ్యానే సమానం. డాబా ఎక్కనక్కర్లేదు, ఇంటి యజమానిని అడగనక్కర్లేదు, ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు.

అయినా జనం మార్చుకోవడం లేదెందుకు? ఒక కారణం ధర. రెండోది బిల్లు. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. జార్ఖండ్ కూడా అదే ఏడాది ఉచిత పరిమితిని 200కు పెంచింది. 150 యూనిట్లు వాడే ఇంట్లో ఎవరైనా మూడు వేలు పెట్టి ఫ్యాను మార్చితే ఆ ఇంటికి మిగిలేది ఏమీ లేదు. మిగిలేది ఆ 150 యూనిట్ల ఖర్చు భరిస్తున్న ప్రభుత్వానికి. 240 వాడే ఇంటి సంగతి వేరు. మూడు ఫ్యాన్లు మార్చితే 180కి దిగి, తెలంగాణలోనైతే ఆ నెల బిల్లు సున్నా అవుతుంది. 200 దాటిన నెల ఆ ప్రయోజనం ఉండదు కాబట్టి గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లకే ఫ్యాను మీద ఆసక్తి, మిగతావాళ్లకు ఉండదు. కరెంటు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వానికి, ఆ ఇంటికి మంచి ఫ్యాను కూడా ఉచితంగా ఇస్తే మూడేళ్లలో తన డబ్బు తనకు తిరిగి వస్తుంది. ఇప్పుడున్న పరిస్థితిలో ఇంటి పొదుపు పథకానికి ఖర్చు పెట్టడానికి బలమైన కారణం ఉన్నది ఇంటివాడికి కాదు, సర్కారుకే.

ఇది గాలిలో మేడ కాదు. ఎల్‌ఈడీ బల్బుల్లో జరిగింది ఇదే. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్నప్పుడు ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది. రెండున్నరేళ్లలో ఆ ధర 38 రూపాయలకు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని పది రూపాయలకో ఎల్‌ఈడీ ఇచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశమంతటా ఉజాలా పేరుతో 36 కోట్లకు పైగా బల్బులు వెళ్లాయి. ఎవరూ దరఖాస్తు నింపలేదు, ఇంజినీరు ఇంటికి రాలేదు. క్యూలో నిలబడి బల్బు తెచ్చుకుని పెట్టుకున్నారు, అంతే. ఫ్యాన్లకు కూడా ఈఈఎస్‌ఎల్ 2023లో కోటి ఫ్యాన్ల లక్ష్యంతో కార్యక్రమం ప్రకటించింది.

దరఖాస్తు, తనిఖీ, కాంట్రాక్టరు ఉంటే ఎలా ఉంటుందో అమెరికా అనుభవం చెబుతుంది. మిషిగన్ రాష్ట్రంలో పేద కుటుంబాల ఇళ్లకు ఉచితంగా ఉష్ణ నిరోధకాలు, కొత్త కొలిమిలు అమర్చే సర్కారు కార్యక్రమాన్ని ముగ్గురు ఆర్థికవేత్తలు 30,000 ఇళ్ల మీద పరీక్షించి 2018లో ప్రచురించారు. ఇంటింటికీ తిరిగి, ఫోన్లు చేసి, ఫారాలు నింపిపెట్టి బతిమాలినా చేరినవాళ్లు 6 శాతం దగ్గరే ఆగారు. ఉచితమైనా సరే. ఇంజినీర్ల కంప్యూటర్ నమూనా ఊహించిన ఆదా నిజంగా వచ్చినదానికి మూడింతలకు మించి ఉంది. పెట్టిన ఖర్చు, మిగిలిన ఇంధనం విలువకు దాదాపు రెట్టింపు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం 2008లో ఇంకో దారి తొక్కింది. సౌర ఫలకాలకు నగరమే అప్పిచ్చి, దాన్ని ఇరవై ఏళ్లపాటు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసింది. ఇల్లు అమ్మితే అప్పు కొత్త యజమానికి పోతుంది. ఆలోచన చక్కనిదే, చాలా నగరాలు అనుసరించాయి. కానీ ఆ బాకీ ఇంటి రుణం కన్నా ముందు వరసలో నిలబడుతుందని 2010లో గృహరుణాల నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో ఇళ్లకు సంబంధించినంత వరకు చాలాచోట్ల ఆగింది.

ఈ అనుభవాలన్నీ పట్టుకుని మళ్లీ గమ్హరియాకు వస్తే కొన్ని విషయాలు హైదరాబాద్‌కు భిన్నంగా కనిపిస్తాయి. మొదటిది దుమ్ము. కర్మాగారాల మసి, లారీల దుమ్ము డాబాల మీద పేరుకుంటాయి. శుభ్రమైన చోటే తెల్ల పూత పరావర్తనం రెండు మూడేళ్లలో 80 శాతం నుంచి 60 దగ్గరకు పడిపోతుంది. ఇక్కడ ఇంకా తొందరగా పడుతుందనుకోవాలి. కడిగితే చాలా భాగం తిరిగి వస్తుంది. కాబట్టి ఏటా వేసవికి ముందు ఒకసారి డాబా కడగడం కూడా పథకంలో భాగం కావాలి. పెయింటుకు డబ్బిచ్చి చీపురును మరిచిపోతే రెండో ఏడాదికే సగం పోతుంది.

రెండోది వాన. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా కురిసే చోట ఉత్త సున్నం ఒక్క వానాకాలానికే కరిగిపోతుంది. సున్నంలో తెల్ల సిమెంటు, జిగురు కలిపి వేస్తే కొంత మేలు. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిచే పద్ధతి ఇంకా గట్టిది. దాని మీద నడవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు. ఖర్చు, బరువు మాత్రం ఎక్కువ. పాత స్లాబైతే ముందు మేస్త్రీకి చూపించాలి. జనవరి రాత్రుల చలిలో తెల్ల డాబా గదిని ఇంకొంచెం చల్లగా ఉంచుతుంది. దుప్పటితో పోయే ఇబ్బందే అది.

ఈ ప్రాంతపు సంతాలీ, హో పల్లెల్లో లావాటి మట్టి గోడలు, ఖప్రా పెంకుల కప్పు ఉన్న ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పెంకుల మధ్య సందుల్లోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఆ ఇళ్లకు ఏ పథకమూ అక్కర్లేదు. వాటిని కూల్చి రేకులు వేసుకున్నాకే అవసరం పడుతుంది.

మూడోది అద్దె. కర్మాగారాల చుట్టూ పై అంతస్తు పోర్షన్లలో ఉండేది ఎక్కువగా అద్దెదారులు. పూత ఖర్చు యజమానిది, చల్లదనం అద్దెదారుది. యజమానికి బిల్లు తగ్గదు, నిద్రా దొరకదు. ఇంటి పన్నులో చిన్న రాయితీ లాంటిదేదో యజమానికి చూపిస్తే తప్ప ఇది కదలదు.

ఇక సౌర ఫలకాలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ దేశమంతటా ఉంది. ఫలకం కింద డాబాకు నీడ కూడా వస్తుంది. శాన్‌డియాగోలో కొలిచినప్పుడు ఫలకాల నీడలో పైకప్పుకు చేరే వేడి 38 శాతం తగ్గింది. కానీ సొంత డాబా ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది. పైగా ఇక్కడ ఫలకాలకూ దుమ్ము బెడద తప్పదు.

ఆదిత్యపూర్, గమ్హరియా వైపు ఇలాంటి పథకం పెట్టాలనుకునేవాళ్లు మిషిగన్ నుంచి నేర్చుకోదగిన పని ఒకటుంది. అక్కడి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒకే నమూనా ఇళ్లు నలభై తీసుకుని, చీటీలు వేసి, ఇరవైకి ఈ ఫిబ్రవరిలో, మిగతా ఇరవైకి వచ్చే ఫిబ్రవరిలో పూత వేయాలి. నలభై ఇళ్లలోనూ సీలింగుకు ఒకటి, గది మధ్యలో ఒకటి చొప్పున ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాలు పెట్టి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా గంట గంటకూ రాయించాలి. మధ్యాహ్నం రెండు గంటల అంకె కంటే రాత్రి తొమ్మిది గంటల అంకె చూడాలి. మొదటి ఇరవై ఇళ్లలో సగం డాబాలను మరుసటి మార్చిలో కడిగి, సగాన్ని కడగకుండా వదిలేస్తే కర్మాగారాల దుమ్ము పూతను ఎంత దెబ్బతీస్తుందో కూడా ఆ వేసవికే తెలుస్తుంది. చదరపు మీటరుకు 300 రూపాయలనుకుంటే, 50 చదరపు మీటర్ల డాబాలు నలభైకి పూత ఖర్చు ఆరు లక్షలు.